"వచ్చు" లేని శీర్షికలు: సైన్సు వార్తలపై అపోహలు - వాస్తవాలు

పదిహేడేళ్లుగా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో సైన్సు పేజీ చూస్తున్నాను. ఏజెన్సీలు పంపే ఇంగ్లిషు కాపీని తెలుగులోకి తెచ్చి, శీర్షిక పెట్టి, పేజీలో ఇమిడేలా కత్తిరించడం నా పని. ఆ కత్తెరకు మొట్టమొదట బలయ్యేది "వచ్చు" అనే చిన్న ముక్క. రెండు కాలమ్‌ల శీర్షికలో "ఢీకొనవచ్చు" పట్టదు, "ఢీ!" పడుతుంది. "ఉండవచ్చు" కన్నా "ఉంది" పొట్టిది. పాఠకులు ఫోను చేసి నాతో వాదించే అపోహల్లో సగం ఆ తెగిపడిన ముక్క నుంచి మొలిచినవే. కాబట్టి కింద రాస్తున్న వాటిలో కొంత నేరం నాది కూడా.

అపోహ: ఇవాళ ముప్పు అంటారు, వారం తిరక్కుండానే లేదంటారు. వాళ్లకే ఏమీ తెలియదు.

2024 వైఆర్4 అనే గ్రహశకలం గుర్తుందా? చిలీలోని అట్లాస్ టెలిస్కోపు 2024 డిసెంబరు 27న దాన్ని పట్టుకుంది. సుమారు 60 మీటర్ల రాయి. 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనే అవకాశం ఒక శాతం దాటిందని జనవరి చివర్లో అన్నారు. 2025 ఫిబ్రవరి 18 నాటికి నాసా లెక్కలో అది 3.1 శాతానికి చేరింది. పడితే పడగల దారిలో దక్షిణాసియా కూడా ఉండటంతో మా డెస్కులో పండగే. ఆరు రోజుల తర్వాత, ఫిబ్రవరి 24న, అదే నాసా 0.004 శాతం అంది. ఆ మర్నాడు ఒక పాఠకుడు ఫోనులో నన్ను నిలదీశారు: "పెరిగి పెరిగి ఒక్కసారిగా సున్నా ఎలా అవుతుందండీ? ఏదో దాస్తున్నారు."

ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. పది మళ్లున్న పొలంలో ముక్కుపుడక జారిపోయిందనుకోండి. వెతకడం మొదలుపెట్టేటప్పటికి అది బావి పక్క మడిలో ఉండే అవకాశం పదోవంతు. ఐదు మళ్లు జల్లెడపట్టి లేదని తేల్చుకున్నాక, అదే బావి పక్క మడికి అవకాశం ఐదోవంతు. ఆ మడిలో ఎవరూ కాలు పెట్టలేదు, అయినా అంకె రెట్టింపయింది. తొమ్మిదో మడిలో ముక్కుపుడక దొరికిన క్షణాన బావి పక్క మడి అవకాశం సున్నా.

గ్రహశకలం విషయంలోనూ జరిగింది ఇదే. మొదట్లో కొలతలు తక్కువ కాబట్టి, 2032లో అది ఉండగల చోటు అంతరిక్షంలో పొడవాటి పట్టీలా ఉంటుంది. భూమి ఆ పట్టీలో ఎక్కడో ఒక చుక్క. కొత్త కొలత వచ్చినప్పుడల్లా పట్టీ కురచనవుతుంది. భూమి ఇంకా లోపలే ఉంటే దాని వాటా పెరుగుతుంది, పట్టీ అంచు భూమిని దాటి జరిగిపోయాక అమాంతం పడిపోతుంది. రాయి దారి మార్చుకోలేదు, మన కొలత పదునెక్కింది. ఇలాంటి గ్రహశకలాల అంకెలు చాలావరకు ఈ తీరులోనే పెరిగి తరిగాయి, ఇకముందూ అలాగే కనిపిస్తాయి.

మా పత్రికలో 3.1 శాతం మొదటి పేజీలో వచ్చింది. 0.004 శాతం తొమ్మిదో పేజీలో, మిర్చి ధరల కింద. దీనికి మాత్రం నాసాను తప్పుపట్టలేం.

అపోహ: శాస్త్రవేత్తలు "తేల్చారు" అంటే తేలిపోయినట్టే.

"తేల్చారు" మా డెస్కుకు మహా ప్రీతిపాత్రమైన క్రియ. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నిక్కు మధుసూదన్ బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి అనే గ్రహం వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ లేదా అలాంటి మరో వాయువు ఆనవాళ్లు కనిపించాయని ప్రకటించింది. భూమి మీద ఆ వాయువును ప్రధానంగా సముద్రపు సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. సముద్రపు గాలికి ఉండే ఆ ప్రత్యేకమైన వాసనలో దీనికీ వాటా ఉంది. "గ్రహాంతర జీవం దొరికింది" అన్న శీర్షికకు ఇంకేం కావాలి?

అసలు ప్రకటనలో ఉన్నది మూడు సిగ్మాల సంకేతం. వాయువు లేకపోయినా, కొలతల్లోని గజిబిజి వల్లే అలాంటి సంకేతం కనిపించే అవకాశం సుమారు 0.3 శాతం అని దాని అర్థం. నాణెం ఎగరేస్తే వరుసగా ఎనిమిది, తొమ్మిదిసార్లు బొమ్మే పడటం లాంటిది. అరుదే, కానీ ఎగరేసేవాళ్లు ఎక్కువైతే ఎవరో ఒకరికి పడుతుంది. కనుగొన్నాం అని చెప్పుకోవడానికి భౌతిక శాస్త్రంలో అడిగేది ఐదు సిగ్మాలు, అంటే వరుసగా ఇరవైసార్లకు పైగా బొమ్మ. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ అనే కణాన్ని ప్రకటించింది ఆ గీత దగ్గరికి చేరాకే. కె2-18బి సమాచారాన్ని వేరే బృందాలు తమ పద్ధతుల్లో విశ్లేషిస్తే సంకేతం ఇంకా బలహీనంగా కనిపించింది. పైగా ఇదే వాయువు ఆనవాళ్లు 67పి అనే తోకచుక్కలోనూ ఉన్నాయి, అక్కడ సముద్రం లేదు, సూక్ష్మజీవులూ లేవు. కాబట్టి రేపు ఐదు సిగ్మాలు వచ్చినా తేలేది వాయువు సంగతే, జీవం సంగతి ఆ తర్వాత. జాగ్రత్తగా మాట్లాడమని మధుసూదన్ బృందమే చెప్పింది. ఆ వాక్యం కాపీలో చివరి పేరా. చివరి పేరా ఎప్పుడూ వ్యాపార ప్రకటన కింద పోతుంది.

అపోహ: ముప్పు 18 శాతం పెరిగిందంటే వందలో 18 మందికి వస్తుంది.

నాకు వచ్చే ఫోన్లలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, ప్రాసెస్ చేసిన (ఉప్పు పట్టించో, పొగబెట్టో నిల్వ ఉంచిన) మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. తెలుగులోకి వచ్చేసరికి అది "మాంసం తింటే క్యాన్సర్" అయింది. ఆదివారం మటన్ కూర మానేశామని ఒకాయన చెప్పారు. సాసేజీలు, సలామీ, బేకన్ లాంటివాటి గురించి కదా చెప్పింది! (మటన్ లాంటి ఎర్ర మాంసాన్ని ఒక మెట్టు తక్కువ నమ్మకంతో, "బహుశా" అనే వర్గంలో పెట్టారు.)

లెక్క చేసి చూద్దాం. వందమందిలో ఐదుగురికి వచ్చే జబ్బు ఏదో ఉందనుకోండి. దాని ముప్పు 18 శాతం పెరిగితే ఐదు కాస్తా 5.9 అవుతుంది. అంటే వందకు దాదాపు ఇంకొక్కరు. తక్కువని కొట్టిపారేయను, ఆ ఒక్కరు మన ఇంట్లోవారు కావచ్చు. కానీ 18 మంది కాదు. ఏ ఆరోగ్య వార్తలోనైనా "ఇంత శాతం పెరిగింది" అని కనిపిస్తే, ఎంత నుంచి అని అడగండి. కాపీలో ఆ అంకె లేకపోతే నేనిప్పుడు ఆ ఐటెమ్‌ను పక్కన పెడుతున్నాను. మొదటి పదేళ్లు అలా చేయలేదు.

మరో మెలిక: పొగాకూ అదే మొదటి వర్గంలో ఉంది, ఎండ కూడా ఉంది. ఆ వర్గం చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదో మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దదో కాదు.

అపోహ: ఎలుకల్లో తగ్గింది, ఇక మనకూ మందు వచ్చినట్టే.

రాలేదు. ఎలుకల్లో పనిచేసిన మందుల్లో అధిక భాగం మనుషుల దాకా రావు. "ఎలుకల్లో" అన్న మాట శీర్షికలో లేకపోతే లోపల వెతకండి.

అపోహ: పరిశోధన పత్రం వచ్చిందంటే నిజమే. తప్పయితే దాచేస్తారు.

2011 సెప్టెంబరులో, స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు పంపిన న్యూట్రినోలు అనే అతిసూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్ల ముందు చేరాయని ఒపెరా బృందం చెప్పింది. కాంతిని ఏదీ దాటలేదన్న ఐన్‌స్టీన్ తప్పని మేం రాశాం. ఒపెరా వాళ్లు అన్నది వేరు: మాకు తప్పు దొరకడం లేదు, మీరు వెతకండి. కొన్ని నెలలకు వాళ్లే కనిపెట్టారు, ఒక ఫైబర్ కేబుల్ కనెక్షన్ సరిగా బిగించలేదు. తర్వాత మళ్లీ కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగాన్ని దాటలేదు.

2023 జూలైలో కొరియా శాస్త్రవేత్తలు గది ఉష్ణోగ్రతలోనే పనిచేసే అతివాహకం (ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును పారనిచ్చే పదార్థం) ఎల్‌కే-99 అన్నారు. అప్పటికి అది ఎవరూ సమీక్షించని ముందస్తు పత్రం. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సహా ప్రపంచమంతా తయారుచేసి చూసింది. అతివాహకత్వం కనిపించలేదు. నిరోధం హఠాత్తుగా పడిపోవడానికి కారణం అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ అని నెల తిరిగేసరికి తెలిసింది. దాచడం మాట అటుంచి, ఇంత వేగంగా బయటపడే తప్పులు ఇంకే రంగంలో ఉన్నాయో నాకు తెలియదు.

అపోహ: నాసా చెప్పింది.

"ఈ రాత్రి 12:30 నుంచి 3:30 వరకు కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తాయి, ఫోను ఆపేయండి, నాసా, బీబీసీ చూడండి" అన్న వాట్సాప్ సందేశం ఏళ్ల తరబడి తిరుగుతోంది. కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి వచ్చే వేగవంతమైన కణాలు. అవి దగ్గరగా వెళ్లడమేమిటి, ప్రతి క్షణం వాతావరణాన్ని తాకుతూనే ఉన్నాయి. అక్కడ పుట్టిన కణాలు మీరు ఇది చదువుతుండగానే మీలోంచి దూసుకుపోతున్నాయి. ఫోను ఆపినా ఆపకపోయినా వాటికి ఒకటే.

కిందటేడు ఒక రాత్రి పదకొండు గంటలకు మా పెద్దమ్మ ఫోను చేసింది. ఇదంతా ఆమెకు ఓపికగా వివరించాను. విన్నది. "అదంతా సరే నాన్నా, మరి మీ పేపర్లో ఇలాంటివే వేస్తారు కదా" అని, పన్నెండున్నరకు ఫోను ఆపేసి పడుకోమని మరోసారి చెప్పి పెట్టేసింది.