పాటిదిబ్బలో ఏముంది?

ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల పాత ఊళ్లలో పాటిమన్నుకు, అంటే ఒకప్పుడు ఊరుండి పాడుబడ్డ పాటిదిబ్బల మన్నుకు, గిరాకీ ఎక్కువ. ఎండాకాలంలో బండ్లు కట్టి తోలుకెళ్లి చేలల్లో చల్లేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టర్లొచ్చి దిబ్బలు ఇంకా త్వరగా కరిగిపోతున్నాయి. తరతరాల జనం పారబోసిన బూడిద, పేడ, ఎముకలే ఆ మన్నుకు బలం. వాటిలోని ఫాస్ఫరస్ మట్టిని పట్టుకుని ఉండిపోతుంది, వానకు అంత తేలిగ్గా కొట్టుకుపోదు. స్వీడన్‌లో ఒలోఫ్ అరేనియస్ అనే శాస్త్రవేత్త 1930 ప్రాంతంలో పొలాల మట్టిని పరీక్షించి, ఫాస్ఫేట్ (ఫాస్ఫరస్ మట్టిలో ఉండే రూపం) ఎక్కువున్న చోట్ల పూర్వం ఊళ్లుండేవని గుర్తించాడు. పాటిమన్ను తోలిన మన రైతుకు ఇది పెద్ద వింతేమీ కాదు.

చరిత్ర కోసం ఇలాంటి దిబ్బల్ని తవ్వేవాళ్లకు పాతకాలపు చెత్తగొయ్యి దొరికితే పండగే, తలనొప్పి కూడా. గొయ్యి పాత పొరల్ని కోసుకుంటూ కిందికి దిగుతుంది. లోతున దొరికింది గనక పాతదే అనుకుంటే లెక్కంతా తప్పుతుంది. అందుకే తాపీతో నేలను పలచగా గీకుతూ, మట్టి రంగు మారి గుల్లగా తగిలే అంచును వెతుకుతారు. ముందు గొయ్యిలోని మట్టిని విడిగా తీశాకే చుట్టూ ఉన్న పొర జోలికి వెళ్తారు. ఆ మట్టిని సన్నజల్లెడ పడితే చేపల వెన్నుపూసలు మిగులుతాయి. నీళ్లలో కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి. పచ్చిగింజ ఎప్పుడో కుళ్లిపోతుంది, బొగ్గైన గింజను మాత్రం సూక్ష్మజీవులు తినలేవు. అన్నం మాడ్చిన ఇల్లాలి పుణ్యమా అని ఆ ఊరి తిండి మనకు తెలుస్తుందన్నమాట!

కుండపెంకుల్లో అంచుముక్కే విలువైనది. వలయాలు గీసిన కాగితం మీద దాని వంపును సరిచూస్తే కుండమూతి వెడల్పు తేలుతుంది.

మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన పాత ఓడరేవు మోటుపల్లి సంగతి చూడండి. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించాడు. రాజు మాటిచ్చాడు సరే, సరుకు వచ్చిందా? తవ్వకాల్లో దొరికిన చైనా పింగాణీ పెంకులు వచ్చిందనే అంటున్నాయి. నీలిపూల పింగాణీ చైనాలో విరివిగా తయారైంది 14వ శతాబ్దం నుంచి. అలాంటి పెంకు ఏ పొరలో కనబడినా, ఆ పొర గణపతిదేవుడి తర్వాతిదే. ఎంత తర్వాతిదన్నది వేరే లెక్క, ఖరీదైన గిన్నెను తాత నుంచి మనవడిదాకా వాడుకుని ఉండొచ్చు. ఇక దాన్ని తెచ్చింది చైనా ఓడా, అరబ్బుల ఓడా అంటే పెంకు చెప్పదు.