వజ్రాన్ని తినేసే ఇనుము

వడ్రంగి పని చేసే ఒక పాఠకుడు అడిగారు: "ఉలికి పదును పెట్టుకోవడానికి వజ్రపు సాన పలక కొన్నాను. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మరి ఫ్యాక్టరీల్లో ఉక్కును నూరే చక్రాలకు వజ్రం పనికిరాదంటారేం?" ఈ ఒక్క ప్రశ్నలో సగం లోహశాస్త్రం ఉంది.

కత్తిని ఏ వాలులో పట్టాలి, ఎన్నిసార్లు లాగాలి అన్నది ఏ వీడియోలో అయినా దొరుకుతుంది కాబట్టి వదిలేస్తున్నాను. పలక సంగతి మాత్రం రెండు ముక్కల్లో చెప్పాలి. ఉక్కు రేకు మీద వజ్రపు రేణువుల్ని ఒకే వరసగా పరిచి, అవి కదలకుండా నికెల్ పూత ఎక్కిస్తారు. రేణువుల సైజును మెష్ అనే జల్లెడ లెక్కలో చెబుతారు, అంకె పెరిగితే రేణువు చిన్నదని అర్థం. 325 మెష్ పలక మీద రేణువు సుమారు 45 మైక్రాన్లు, 1200 మెష్ మీద 9 మైక్రాన్లు ఉంటుంది. నూప్ అనే గట్టిదనపు కొలతలో ఉలి ఉక్కుది 700–800. మామూలు సాన రాళ్లలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్‌ది 2000 చిల్లర, సిలికాన్ కార్బైడ్‌ది 2500. వజ్రానిది 7000 పైమాటే. వనేడియం అనే లోహం ఎక్కువ కలిపిన కొత్త రకం కత్తుల్లో అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టివైన కార్బైడ్ (లోహం, కార్బన్ కలిసిన పదార్థం) గింజలుంటాయి. మామూలు రాయి వాటి చుట్టూ ఉన్న ఉక్కును అరగదీస్తుంది గాని ఆ గింజల్ని కోయలేదు. వజ్రం రెంటినీ సమంగా కోసేస్తుంది.

గట్టిదనంలో తిరుగులేని ఈ రాయిని ఉక్కు ఓడించేది రసాయనంతో. వజ్రమంటే కార్బన్. ఇనుముకు కార్బన్ అంటే తీరని ఆకలి. ఆ ఆకలి వేడితో పెరుగుతుంది. 727 డిగ్రీల దగ్గర ఫెర్రైట్ రూపంలో ఉన్న ఇనుము తనలో కలుపుకోగలిగే కార్బన్ బరువులో 0.02 శాతమే. ఆ పైన ఇనుప పరమాణువులు ఆస్టెనైట్ అనే వేరే అమరికలోకి మారతాయి, మధ్యలో కార్బన్ దూరే సందులు పెద్దవవుతాయి. 1147 డిగ్రీలకు చేరేసరికి 2.1 శాతం దాకా పడుతుంది. అంటే నూరు రెట్లు! వేగంగా తిరిగే చక్రం కింద, రేణువు ఉక్కును గీరే ఆ చిన్న చోట అంత వేడి పుడుతుంది. అక్కడ వజ్రపు మొన గ్రాఫైట్‌గా (పెన్సిల్ ముల్లులో ఉండే మెత్తటి కార్బన్) మారుతూ, ఇనుములో కరుగుతూ మొద్దుబారిపోతుంది.

పటికబెల్లం తలుచుకోండి. వేడి నీళ్లలో పంచదార బాగా కరిగిస్తే, ఆ పాకంలోంచే మెల్లగా స్ఫటికాలు కడతాయి. ఆ స్ఫటికాన్ని మళ్లీ వేడి నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. వజ్రాన్ని తయారుచేసేదీ ఇలాగే. పంచదార స్థానంలో గ్రాఫైట్, నీళ్ల స్థానంలో కరిగిన ఇనుమో నికెలో కోబాల్టో. సుమారు 50 వేల వాతావరణాల పీడనం, 1400 డిగ్రీల వేడి కావాలి. 1953లో స్వీడన్‌లో ఏసియా (ASEA) అనే సంస్థ చేసి గుట్టుగా ఉంచింది. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో ట్రేసీ హాల్ చేసినదాన్ని మరుసటి ఏడాది లోకానికి చాటారు. మన పలకల మీద ఉండేదీ ఇలా ఫ్యాక్టరీలో పుట్టిన వజ్రమే.

అయితే పోలిక ఒకచోట తప్పుతుంది. పంచదార, పటికబెల్లం ఒకటే పదార్థం. గ్రాఫైట్, వజ్రం మాత్రం ఒకే మూలకపు రెండు వేర్వేరు కట్టడాలు. అంత పీడనంలో లోహంలో గ్రాఫైట్ ఎక్కువ కరుగుతుంది, వజ్రం తక్కువ కరుగుతుంది. అందుకే గ్రాఫైట్ కరుగుతూ పోతుంటే మిగులు కార్బన్ వజ్రంగా పేరుకుంటుంది. పీడనం తీసేసి వేడిని మాత్రమే ఉంచితే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు కరిగిపోయేది వజ్రం. వజ్రాన్ని కన్న లోహమే దాన్ని మింగేస్తుందన్న మాట! నాకు రసాయనశాస్త్రంలో ఇంతకంటే అందమైన సంగతి తెలియదు.

మరి ఉలి పట్టే చేతికి ఈ బాధ ఎందుకు లేదు? 6 అంగుళాల గ్రైండర్ చక్రం నిమిషానికి 2800 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు 22 మీటర్లు పరుగెడుతుంది. చెయ్యి అర మీటరు లాగితే గొప్ప. పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి ఉలిని లాగండి, నీళ్లు నల్లబడతాయి. ఆ నలుపు ఉక్కు పొడి. ఉలిని ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది. ఇనుము ఆకలి అక్కడ నిద్ర లేవదు.

చేతి పనిలో పలకను పాడుచేసేది వేడి కాదు, అదుముడు. గట్టిగా నొక్కితే రేణువులు నికెల్‌లోంచి ఊడివస్తాయి, కొన్ని పగులుతాయి కూడా. వజ్రం పగలడమేమిటని కొందరికి ఆశ్చర్యం. సుత్తితో కొట్టినా చెక్కుచెదరనిదే అసలు వజ్రమన్న మూఢనమ్మకం ఇంకా పోలేదు. గీతపడకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. వజ్రానికి నాలుగు దిశల్లో చీలే తలాలున్నాయి, సరైన దెబ్బ పడితే నున్నగా చీలిపోతుంది. రాయలసీమలో తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లారా, ఎవరైనా సుత్తి పరీక్ష చెబితే దయచేసి వినకండి. బడిలో మోస్ కొలమానం (ఏ రాయి దేన్ని గీయగలదో చూపే 1 నుంచి 10 దాకా వరస) చెప్పి, వజ్రం 10 అని బట్టీ పట్టించి, ఈ తేడా చెప్పకుండా వదిలేస్తే పిల్లలు తప్పే నేర్చుకుంటారు.

ఇక ఫ్యాక్టరీల సంగతి. 1957లో అదే జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ వెంటార్ఫ్ క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ తయారుచేశాడు. వజ్రం లాంటి కట్టడమే, కానీ అందులో కార్బన్ లేదు. గట్టిదనంలో వజ్రం తర్వాతిదే అయినా ఇనుముతో కలవదు కాబట్టి గట్టి ఉక్కును వేగంగా నూరే చోట దాని చక్రాలే వాడతారు. వజ్రపు చక్రాలు కార్బైడ్ పనిముట్లకు వెళ్తాయి. టంగ్‌స్టన్ కార్బైడ్‌లో ఇప్పటికే కార్బన్ నిండుగా ఉంది, వజ్రం దగ్గర లాక్కోవలసిన పని దానికి లేదు. మీ రంపపు బిళ్లకు కార్బైడ్ పళ్లుంటే, వాటిని నూరడానికి వజ్రపు చక్రమే సరైనది.