టైపు చేయాలా, క్లిక్ చేయాలా? అడ్వెంచర్ గేముల గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

టైపు చేసిన కమాండు (‘తలుపు తెరువు’ లాంటి ఆదేశం), మౌస్ క్లిక్ రెండూ పనిచేసే అడ్వెంచర్ గేములు, అంటే కథలో తిరుగుతూ చిక్కుముళ్లు విప్పే గేములు, తయారుచేయడం నా పని. ఆ మాట చెప్పగానే అందరూ దాదాపు ఇవే అంటారు.

అపోహ: మౌస్ రాగానే టైపింగ్ పోయింది, రెండూ ఒక గేములో ఇమడవు.

వాస్తవం: 1987లో మేనియాక్ మాన్షన్ అనే గేము ‘తెరువు’, ‘తీసుకో’ లాంటి క్రియలన్నీ తెర అడుగున పేర్చి టైపింగ్ అవసరం లేకుండా చేసింది, నిజమే. కానీ 1990లో వచ్చిన స్పెల్‌కాస్టింగ్ 101లో టైపు చేసుకోవచ్చు, వద్దనుకుంటే పక్కనున్న క్రియల జాబితా, వస్తువుల జాబితా, దిక్సూచి నొక్కుతూ కూడా ఆడొచ్చు. 1998 నాటి స్టార్‌షిప్ టైటానిక్‌లో తిరగడం క్లిక్కులతో, రోబోలతో మాట్లాడటం టైపింగ్‌తో. నాకు అన్నిటికంటే నచ్చిన పంపకం అదే.

అపోహ: క్లిక్ ఉంటే ఏ క్రియ వాడాలో ఊహించే తలనొప్పి ఉండదు.

వాస్తవం: ఉండదు, దాని బదులు ఇంకోటి వస్తుంది. తెరమీద నాలుగు పిక్సెళ్ల తాళంచెవి కోసం మూలమూలా మౌస్ తిప్పడం సరదాగా ఉంటుందా?

అపోహ: ముందు క్లిక్ గేము పూర్తిచేసి, చివర్లో పైన పార్సర్ (టైపు చేసిన మాటలను అర్థం చేసుకునే భాగం) తగిలిస్తే చాలు.

వాస్తవం: నేనూ అలాగే చేసి దెబ్బ తిన్నాను. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే గేముల తయారీ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ పార్సర్ ముందే ఉంటుంది, పదాల పట్టికలో పర్యాయపదాలకి ఒకే నంబరు ఇస్తే అన్నీ ఒకటే అనుకుంటుంది, ఇంతవరకు సుఖమే. నేను మాత్రం క్లిక్ కోడ్ ఒకచోట, టైపు కోడ్ ఇంకోచోట రాశాను. సొరుగు మీద తాళంచెవి క్లిక్ చేస్తే తెరుచుకునేది, బొమ్మ కూడా మారేది. తర్వాత ‘సొరుగు చూడు’ అని టైపు చేస్తే ‘తాళం వేసి ఉంది’ అని జవాబు! తెరిచిన సొరుగు కళ్లెదుటే ఉంది మరి. రెండు దారులూ ఒకే ఫంక్షన్‌కి వెళ్లాలి, సొరుగు తెరిచి ఉందా లేదా అన్నది ఒక్కచోటే రాసి ఉండాలి. అది మొదటిరోజే చేయాల్సిన పని, ఆఖరివారం టెన్షన్‌లో కాదు.

అపోహ: టైపు చేసేలోపు పాత్ర చచ్చిపోతుంది.

వాస్తవం: కింగ్స్ క్వెస్ట్ (1984) లాంటి సియెరా కంపెనీ పాత గేముల్లో మీరు అక్షరాలు కొడుతుంటే గేము నడుస్తూనే ఉండేది, అందుకే ఆ భయం. వాళ్ల తర్వాతి ఇంజన్‌లో (గేమును నడిపే సాఫ్ట్‌వేర్) టైపు మొదలెట్టగానే ఒక పెట్టె తెరుచుకుని గేము ఆగేది. అంటే తప్పు కీబోర్డుది కాదు.

అపోహ: ప్రతి పనీ రెండు రకాలుగా చేయగలిగితే ఆటగాడికి స్వేచ్ఛ.

వాస్తవం: ఇది నమ్మి ఒక గేము చేశాను. పరీక్షకి కూర్చున్న ఒకాయన సొరుగు దగ్గర ‘లాగు’ అని కొట్టాడు, నా పట్టికలో ‘తెరువు’ మాత్రమే ఉంది, ‘అర్థం కాలేదు’ అని వచ్చింది. వెంటనే క్లిక్ చేశాడు, తెరుచుకుంది. ఆ తర్వాత గంటసేపు ఆడాడు, కీబోర్డు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. క్లిక్‌తో అన్నీ అయిపోతుంటే ఎవరు టైపు చేస్తారు? అందుకే ఇప్పుడు విడదీస్తున్నాను: కంటికి కనిపించేది (నడవడం, తీసుకోవడం, చూడటం) క్లిక్‌కి, బుర్రలో తట్టేది (ఎవరినైనా ఫలానా సంగతి అడగడం, రహస్యపదం చెప్పడం) టైపింగ్‌కి. జాబితాలో ‘దొంగతనం గురించి అడుగు’ అని రాసిపెడితే అనుమానం వచ్చింది ఆటగాడికి కాదు, నాకు.

అపోహ: తెలుగులో పార్సర్ కుదరదు.

వాస్తవం: విభక్తులతో తిప్పలు ఉన్నాయి. పెట్టె, పెట్టెను, పెట్టెలో, పెట్టెమీద అన్నీ ఒకే పెట్టె అని దానికి నేర్పాలి. కానీ మన వాక్యంలో వస్తువు ముందు, క్రియ చివర వస్తాయి కదా, ‘తలుపు తెరువు’ అంటాం. కాబట్టి తలుపు మీద క్లిక్ చేస్తే కమాండ్ లైనులో ‘తలుపు’ అని పడుతుంది, మిగతా క్రియ ఆటగాడు కొడతాడు. తలుపు పేరేంటో ఊహించక్కర్లేదు, విభక్తి గొడవా సగం తగ్గుతుంది. ‘తెరువు’ పక్కన ఈసారి ‘లాగు’, ‘తియ్యి’, ‘తెరు’ కూడా చేర్చాను.