కాలిన చోట నీళ్లు పోయొద్దని మీకెవరు చెప్పారు?

నిన్న నైట్ డ్యూటీలో మళ్లీ అదే. ఎమ్మిగనూరు వైపు నుంచి రెండేళ్ల బాబును కర్నూలుకు, మా బర్న్స్ వార్డుకు తెచ్చారు. చారు గిన్నె లాగేసుకున్నాడంట. చెయ్యంతా టూత్‌పేస్టు, దాని మీద పసుపు, భుజం దగ్గర సిరా. నీళ్లు పోశారా అంటే వాళ్ల జేజి, "అయ్యో, నీళ్లు పోస్తే బొబ్బలెక్కవా సిస్టర్?" అంది.

ఎక్కవు. వేడి ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టి బొబ్బలొస్తాయి గానీ నీళ్ల వల్ల కాదు. పైన చారు తుడిచేసినా చర్మం లోపల వేడి అలాగే ఉండి కింది పొరలను కాలుస్తూనే ఉంటుంది, నీళ్లు లాగేసేది ఆ వేడినే. 20 నిమిషాలు, గడియారం చూసుకుని, ధారగా పోయండి. వెంటనే పోయలేకపోయినా 3 గంటల లోపు పోస్తే ఉపయోగమే. మన సీమలో కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి బిందెలో నీళ్లు చెంబుతో పోసినా చాలు. ఐసు మాత్రం వద్దు, గాయం ఇంకా ముదురుతుంది. చిన్నపిల్లలకు మిగతా ఒళ్లు దుప్పటితో కప్పి కాలిన చోటే పోయండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. ఆ తర్వాత ఉతికిన నూలుగుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి.

సిరా పూస్తే గాయం రంగు మాకు కనబడదు, రంగు చూడందే లోతు తెలియదు. ఎండిపోయిన పేస్టును సెలైన్‌తో నానబెట్టి కొంచెం కొంచెం తీయడానికి అరగంట పట్టింది, ఆ అరగంటా బాబు ఏడుస్తూనే ఉన్నాడు. బయట గోడకు ఆనుకుని వాళ్లమ్మ "నా తప్పే" అంటోంది. నీ తప్పు కాదు తల్లీ, పేస్టు పూయమని చెప్పినోళ్లది.

నొప్పి లేకపోతే చిన్న గాయమే అనుకోకండి, లోతుగా కాలితే నరాలు కూడా పోయి నొప్పే తెలియదు. ప్లాస్టిక్ సర్జరీలో ప్లాస్టిక్ ఏమీ పెట్టరు, చాలాసార్లు మీ తొడ మీద నుంచి తీసిన పల్చటి చర్మాన్నే వేస్తారు. చనిపోయాక చర్మం దానం చేస్తే శవం వికారంగా అయిపోతుందన్నదీ అబద్ధమే, తీసేది పైపొరే, బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని కూడా లేదు.

గాయం మానింది కదా, ఇంక స్ప్లింట్ (కీళ్లు ముడుచుకోకుండా చాపి ఉంచే గట్టి పట్టీ) ఎందుకు అంటారు. చెయ్యి కాలినప్పుడు మా పిన్ని కూడా అలాగే అంది. నొప్పికి ఓర్చుకోలేక వ్యాయామం మానేసింది, చర్మం బిగుసుకుపోయి వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. ఇప్పటికీ ఆ చేత్తో ముద్ద కలపలేదు, స్పూనుతోనే తింటుంది. ఫిజియోథెరపీ అన్నప్పుడల్లా నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఇంకొకటి పథ్యం. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని వట్టి చారన్నం పెడతారు. కాలిన ఒంట్లోంచి ప్రొటీన్ కారిపోతుంటే కొత్త చర్మం దేంతో రావాలి? తెల్లవారాక ఉడికించిన గుడ్డు పెట్టమంటే జేజి భయంగా నా ముఖం చూసింది. నేనే వలిచి, చిదిపి నోట్లో పెట్టాను. సగం తిన్నాడు.