ఏడాకుల పిలక పీకే ముందు: పాత గులాబీలపై అపోహలు - వాస్తవాలు

మా దొడ్లో గులాబీలు పెంచడం, కొమ్మలు నాటి ఊళ్ళో వాళ్ళకి ఇవ్వడం పదిహేనేళ్ళుగా నా పని. బొకేల్లో కనిపించే రకాలు కాదు, పాతవి. ముద్దగా పూసి, ఘుమఘుమలాడి, ఎండెక్కేసరికి రేకులు రాల్చేసేవి. గులాబీ పెంచేవాళ్ళు 'పాత' అనడానికి 1867ని గీతగా పెట్టుకున్నారు. ఆ ఏడు ఫ్రాన్స్‌లో 'లా ఫ్రాన్స్' అనే గులాబీ వచ్చింది. ఇప్పుడు బొకేల్లో కనిపించే హైబ్రిడ్ టీ అనే తరగతికి మొదటిది అదేనంటారు. అంతకు ముందే ఉన్న తరగతులన్నీ పాతవి. మా ఊళ్ళో లెక్క ఇంకా తేలిక. అమ్మమ్మ దొడ్లో ఉన్నది నాటుది, నర్సరీలో కొన్నది అంటు మొక్క. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయి.

అపోహ: అంటు గులాబీ కొన్నాళ్ళకి నాటుకు తిరిగిపోతుంది

వేసవికి ముందు మా వీధి చివరింటి పిన్ని పిలిచింది. "ఎర్ర గులాబీ అని తెచ్చాను రా. రెండేళ్ళు బాగా పూసింది. ఇప్పుడు మనిషెత్తు పెరిగింది గానీ ఒక్క మొగ్గ లేదు. నాటుకు తిరిగిపోయిందంటావా?"

ఏ మొక్కా అలా తిరిగిపోదు. అంటు గులాబీ అంటే రెండు మొక్కలు: కింద వేరు ఒకదానిది, పైన కన్ను ఇంకోదానిది. వేరు మొక్కగా మన దేశంలో మల్టీఫ్లోరా, ఎడ్వర్డ్ లాంటి మొండి రకాల్ని వాడతారు. ఆ రెండూ అతుక్కున్న అంటు ముడికి కింద నుంచి వచ్చిన పిలక ఆ వేరు మొక్కదే. అది జోరుగా పెరుగుతూ పై మొక్క తిండి లాగేసుకుంటుంది. పట్టించుకోకపోతే చివరికి పైది చచ్చిపోతుంది. పిన్ని మొక్క మొదట్లో మట్టి తోడి చూశాను. ముడి మీద ఎండిన మోడు, దాని కింద నుంచి నాలుగు బలమైన కొమ్మలు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ముందే చూసుకుంటే కాపాడుకోవచ్చు. అయితే పిలకని నేల మట్టానికి కోస్తే లాభం లేదు, ఒకటి పోయి రెండొస్తాయి. మట్టి తీసి, అది పుట్టిన చోటు దాకా వెళ్ళి, కిందికి లాగి చీల్చేయాలి.

అపోహ: ఏడాకులుంటే పనికిరాని పిలక, ఐదాకులుంటే అసలు మొక్క

ఈ మాట వల్ల పోయిన మంచి మొక్కలు చాలానే ఉన్నాయి. హైబ్రిడ్ టీల్లో ఒక్కో ఆకుకి ఎక్కువగా ఐదు రెక్కలుంటాయి. జనం ఆకులని లెక్కపెట్టేది ఈ రెక్కల్నే. ఆ లెక్క అన్నిటికీ అంటించేశారు. జోరు మీదున్న కొమ్మకైతే హైబ్రిడ్ టీలోనూ ఏడు వస్తాయి. పాత రకాల్లో ఏడు మామూలే. పైగా కొమ్మ నాటి పెంచిన మొక్కకి అంటు అనేదే ఉండదు. మొదలు నుంచి ఏ పిలక లేచినా అదే గులాబీ. మా మేనమామ ఏడాకుల లెక్క నమ్మి, అమ్మమ్మ నాటిన గులాబీకి వచ్చిన పిలకలన్నీ ఏటా పీకేసి, ముసలి కొమ్మల్ని మాత్రం మిగిల్చాడు. ఆకులు లెక్కపెట్టే బదులు కొమ్మ ఎక్కణ్ణుంచి లేచిందో చూడండి.

అపోహ: పన్నీరు గులాబీ, అత్తరు గులాబీ ఒకటే

అత్తరుకి పేరున్నది డమాస్క్ గులాబీ. బల్గేరియాలో కజన్‌లిక్ లోయలో, మన దేశంలో రాజస్థాన్‌లోని పుష్కర్ లాంటి చోట్ల పండిస్తారు. కిలో నూనె రావాలంటే దాదాపు 3,000 నుంచి 4,000 కిలోల పూలు కావాలి. దానికి చలికాలం చలికాలంలా ఉండాలి. ఆ తర్వాత వసంతంలో ఒక విడత విరగబూస్తుంది. మన తెలుగు ఊళ్ళకి ఆ చలి ఎక్కడిది? నేనూ ఒకటి తెప్పించి మూడేళ్ళు సేవ చేశాను. వచ్చిన పూలు నాలుగు.

పన్నీరు గులాబీ పేరుతో నా చేతికి వచ్చినవి చాలావరకు ఎడ్వర్డ్ గులాబీలే. ఇది బోర్బన్ తరగతిది. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అంటున్న దీవి పాత పేరు బోర్బన్. అక్కడ 19వ శతాబ్దం మొదట్లో చైనా గులాబీకీ డమాస్క్‌కీ పుట్టిన సంకరం ఇది. వాసన డమాస్క్‌ది, మళ్ళీ మళ్ళీ పూసే గుణం చైనాది. వేడి ఊళ్ళకి ఇంతకంటే మంచి సంబంధం కుదరదు. పాత గులాబీలన్నీ ఏడాదికోసారే పూస్తాయనే మాటకి కూడా ఇదే జవాబు.

అపోహ: నాటు గులాబీకి తెగుళ్ళు రావు

వస్తాయి, ఓర్చుకుంటుంది. వానాకాలంలో నల్లమచ్చ తెగులుకి మా ఎడ్వర్డ్ ఆకు మొత్తం రాల్చేసి, దసరాకల్లా మళ్ళీ చిగురేస్తుంది. అది చూసి తెగులే లేదనుకుంటారు. ఆకు సుమారు ఏడు గంటలు తడిగా ఉంటే చాలు, ఆ శిలీంధ్రం పట్టుకుంటుంది. అందుకే సాయంత్రం మొక్క తలమీద నీళ్ళు పోయొద్దు. పొద్దున్నే పాదులో పోయండి, రాలిన ఆకులు ఏరేయండి. వేసవిలో ఎర్రనల్లి అనే సన్నటి పురుగు వస్తే మాత్రం ఆకుల అడుగున నీళ్ళు గట్టిగా కొట్టడమే మొదటి మందు.

అపోహ: టీ పొడి, గుడ్డు పెంకులు వేస్తే చాలు

పాలూ చక్కెరా అంటిన టీ పొడికి ముందు వచ్చేవి చీమలు. పెంకులు కరగడానికి ఏళ్ళు పడుతుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో కాల్షియానికి కొదవ ఉండదు. అక్కడ లేత ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగిలితే ఎక్కువగా అది ఇనుప ధాతువు అందక వచ్చే ఇబ్బంది. పెంకులతో అది తీరదు. బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేప పిండి, నీళ్ళు నిలవని పాదు. నేను చేసేది ఇంతే.

అపోహ: ఎంత పొట్టిగా కోస్తే అన్ని పూలు

హైబ్రిడ్ టీకి గట్టి కోత పడుతుంది. ఎడ్వర్డ్‌కి నేను మూడో వంతు మించి తీయను. వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు చివర్లో కోస్తాను. ఏడాదికోసారి పూసే రకాలైతే పూత అయ్యాకే కోయాలి. పాత కొమ్మ మీదే పూస్తాయి కాబట్టి ముందే కోస్తే ఆ ఏటి పూలు పోయినట్టే. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. కొమ్మ ఎండు తెగులు చాలాసార్లు ఆ గాయం నుంచే దిగుతుంది.

కోసిన కొమ్మలు పారేయొద్దు. పెన్సిలంత లావున్నవి జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి ఇసుక కలిపిన మట్టిలో నాటండి. నేను పోయినసారి పన్నెండు నాటితే ఏడు బతికాయి. అందులో ఒకటి పిన్నికిచ్చాను. "దీనికి పిలకలొస్తే పీకాలా?" అంది. వద్దన్నాను.