కళ్లకలక చుక్కల గొడవ వెనక సిడోఫోవిర్ కథ

అమలాపురం, పాలకొల్లు వైపు మళ్ళీ కళ్లకలక మొదలైంది, దాంతోపాటే పాత గొడవ కూడా. కంటి డాక్టరు దగ్గరికెళ్తే చన్నీళ్లలో ముంచిన గుడ్డ పెట్టుకోండి, కన్ను తడిగా ఉంచే చుక్కలు వేసుకోండి, రెండు వారాలు ఓపిక పట్టండి అంటారు, అదే వీధి చివర మెడికల్ షాపులో ఇచ్చే చుక్క వేస్తే తెల్లారేసరికి ఎరుపు తగ్గిపోతోంది, మరి డాక్టరుగారికి ఆ మందు తెలీదా అని జనం అడుగుతున్నారు. కళ్లకలక ఎలా అంటుకుంటుందో 2023లోనే అందరం విన్నాం కాబట్టి అది వదిలేద్దాం. దానికి కారణం ప్రతిసారీ అడినోవైరస్ అనే వైరస్సే కాకపోవచ్చు గానీ, వైరస్ వల్ల వచ్చేవాటిలో ఎక్కువ దానివే.

డాక్టరు దగ్గర ఆ వైరస్‌ని కొట్టే చుక్క ఎందుకు లేదో తెలియాలంటే, నా లెక్కలో అసలు మలుపు 2002లో ఉంది.

హెర్పిస్ అనే ఇంకో వైరస్‌కి వాడే ఎసైక్లోవిర్ మందు పనిచెయ్యాలంటే ముందు వైరస్ తన ఎంజైముతోనే దానికి ఒక ఫాస్ఫేట్ తగిలించాలి, అడినోవైరస్‌కి ఆ ఎంజైమే లేదు. ప్రాగ్‌లో ఆంటోనిన్ హోలీ, బెల్జియంలో ఎరిక్ డి క్లెర్క్ కలిసి 1980ల్లో తెచ్చిన సిడోఫోవిర్ అనే మందుకి ఆ ఫాస్ఫేట్‌లాంటిది ముందే ఉంటుంది, మిగతా పని మన కణాలే చేసేస్తాయి, అది వెళ్లి వైరస్ డీఎన్ఏ అల్లే పాలిమరేజ్ అనే ఎంజైముని ఆపేస్తుంది. కుందేళ్ల కళ్లలో వైరస్ తగ్గింది కూడా. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ ఎయిడ్స్ రోగుల్లో రెటీనాని తినేసే వేరే వైరస్‌కి, అదీ నరానికెక్కించే మందుగా.

తర్వాత జర్మనీలో 1 శాతం చుక్కలుగా అడినోవైరస్ కళ్లకలకకే వేసి చూశారు, 2002లో ఫలితం అచ్చయింది. నల్లగుడ్డు మీద తెల్ల మచ్చలు తగ్గొచ్చనిపించింది గానీ రెప్పలూ కంటిపొరా ఆ మందుకే ఎర్రబడి వాచాయి, ఇక ఆ చుక్క షాపుల దాకా రానేలేదు. ఎంత బాధగా ఉంటుందో, దాదాపు చేతికందిన మందు అది! ఎముక మజ్జ మార్పిడి పిల్లల్లో అడినోవైరస్ ముదిరితే ఇప్పటికీ దాన్నే ఎక్కిస్తారు, కిడ్నీలు దెబ్బతినకుండా ప్రోబెనిసిడ్ అనే మందు తోడిస్తూ. దాని తమ్ముడు బ్రిన్‌సిడోఫోవిర్‌కి 2021లో అనుమతి దొరికింది గానీ అది మశూచికి.

అడినోవైరస్‌ని కొట్టే చుక్క లేని ఆ ఖాళీలోకే షాపుల్లో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు దూరాయి. షాపువాళ్లు అనేదీ ఉంది, కూలి మానుకుని టౌనుకి ఎవరెళ్తారండీ అని, అదీ నిజమే. కానీ స్టెరాయిడ్ తగ్గించేది ఎరుపుని, వైరస్‌ని కాదు. కుందేళ్లలో చూస్తే స్టెరాయిడ్ వేసినప్పుడు కంట్లోంచి వైరస్ ఇంకా ఎక్కువ రోజులు వచ్చింది, అంటే కన్ను తెల్లబడింది కదా అని బడికి పంపిన పిల్లాడు ఇంకా అంటిస్తూనే ఉండొచ్చు. అసలు రోగం హెర్పిస్ అయితే నల్లగుడ్డుకే ఎసరు. అందుకే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.

నందివర్ధనం పూలు కళ్లమీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే. చనుబాలు మాత్రం కంట్లో పొయ్యొద్దు. సీసా మీద సన్న అక్షరాల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే, పక్కనే మోక్సిఫ్లోక్సాసిన్ అని కూడా ఉంటే అది బాక్టీరియాకి, అడినోవైరస్‌కి కాదు.