బలనోఫోరా: అది పుట్టగొడుగు కాదు, కుండీ మొక్క అంతకన్నా కాదు

కూర్గ్, మున్నార్ వైపు ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చిన మా హైదరాబాద్ విద్యార్థులు ఫొటో పంపి అడుగుతుంటారు: "మేడమ్, ఇదేం పుట్టగొడుగు?" వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే నాకు ఆ ఫొటో చూస్తే పండగే.

అపోహ: ఇది పుట్టగొడుగు.
వాస్తవం: ఇది పూలు పూసే మొక్క. పేరు బలనోఫోరా ఫంగోసా. ఆకుపచ్చదనం బొత్తిగా ఉండదు. నేలలో దీని గడ్డ చెట్టు వేరుకు అతుక్కుని ఉంటుంది. పూతకొచ్చినప్పుడే కంకి పైకి తేలి కంటపడుతుంది. ఆ కంకి మీద వేల పూలుంటాయి. ఆడపూలైతే లోకంలోని అతి చిన్న పూలలో చేరతాయి, లెన్స్ లేకుండా ఆనవు.

అపోహ: ఎంతో కొంత తిండి తనే తయారుచేసుకుంటుంది.
వాస్తవం: ఏమీ చేసుకోదు, తిండంతా చెట్టు వేరునుంచే లాగుతుంది. మామూలు మొక్కల హరితరేణువుల డీఎన్ఏలో దాదాపు 1,50,000 అక్షరాలుంటాయి. రెండు బలనోఫోరా జాతుల్లో అది 15,500 దగ్గరే ఆగిపోయిందని 2019లో తేలింది. కిరణజన్య సంయోగక్రియ జన్యువులన్నీ పోయాయి. ఇంకా విచిత్రం, మిగతా మొక్కల్లో "ప్రోటీన్ కట్టడం ఇక్కడ ఆపు" అని చెప్పే ఒక డీఎన్ఏ సంకేతాన్ని ఇవి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంగా చదువుతాయి. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: పరాన్నజీవి కాబట్టి చెట్టును చంపేస్తుంది.
వాస్తవం: చెట్టు చస్తే ఇదీ చస్తుంది. ఆ గడ్డలో రెండింటి కణజాలమూ కలిసిపోయి ఉంటుంది. పొగాకు వేళ్ల మీద బతికే పరాన్నజీవి కలుపు మొక్క పొగాకు మల్లె చేలో చేసే నష్టం చూసినవాళ్ల కోపం నాకు తెలుసు, కానీ ఆ కోపం దీనిమీద చూపొద్దు. మనం పూజలో అరగదీసే చందనం కూడా పక్క మొక్కల వేళ్లనుంచి నీళ్లు, లవణాలు లాగేదే. అందుకే చందనం నారుకు తోడుగా కంది వేస్తారు. తేడా ఏమిటంటే, చందనానికి పచ్చటి ఆకులున్నాయి.

అపోహ: తెచ్చి పెంచుకోవచ్చు, మందుకూ పనికొస్తుంది.
వాస్తవం: ఒకబ్బాయి తడి పేపర్లో చుట్టి తెచ్చాడు. ఇక్కడికి చేరేసరికి నల్లబడి కుళ్లింది. వేరునుంచి విడదీశాక దానికి బతుకు లేదు. పైగా మన దగ్గరి రకంలో మగ, ఆడ మొక్కలు వేరువేరు. ఉన్న నాలుగింటిలో రెండు పీకితే గింజ కట్టడమే కష్టం. కొన్నిచోట్ల నాటువైద్యంలో వాడతారన్న మాట పట్టుకుని తినకండి.

కనిపిస్తే తాకకుండా ఫొటో తీయండి. పైనున్న చెట్టు ఆకునీ తీయండి. ఏ చెట్టు వేరు మీద ఉందో తెలుసుకోవడానికి మాకు అదొక్కటే ఆధారం.